ఎప్పటికైనా ఆగుతుందా?

1986లో వార్సాలో జరిగిన అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌లో మూడో ప్రశ్న చూడ్డానికి పిల్లల ఆటలా ఉంటుంది. క్రమ పంచభుజి మూలల్లో ఐదు పూర్ణాంకాలు ఉంటాయి. వాటి మొత్తం సున్నా కంటే ఎక్కువ. ఏ మూలనైనా రుణ సంఖ్య ఉంటే, దాన్ని అటూ ఇటూ ఉన్న రెండు సంఖ్యలకూ కలిపి, దాని గుర్తు మార్చేయాలి. రుణ సంఖ్య కనిపించినంతకాలం ఇదే పని. ఇది ఆగి తీరుతుందా?

2, −1, 0, 0, 0తో మొదలుపెడితే 1, 1, −1, 0, 0 వస్తుంది. తర్వాత 1, 0, 1, −1, 0. మరో రెండు అడుగుల్లో 0, 0, 0, 0, 1 దగ్గర ఆట ముగుస్తుంది. అయితే ఒకటి ఆగిందని అన్నీ ఆగాలనేముంది? సరి సంఖ్యను సగం చేసి, బేసి సంఖ్యను మూడింతలు చేసి ఒకటి కలుపుతూ పోయే కొలాట్జ్ సమస్యలో 27 ఏకంగా 9232 దాకా ఎక్కి, 111 అడుగులకు గానీ 1కి చేరదు. అక్కడ ప్రతి సంఖ్యా 1కి చేరుతుందని ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.

రుజువుకు ఒక పట్టు కావాలి. ప్రతి అడుగుకూ తగ్గి తీరే, సున్నా కిందికి పోలేని పూర్ణాంకం ఒకటి దొరకాలి. దాన్నే మోనోవేరియంట్ అంటారు. దిగుడుబావిలో మెట్టు మెట్టూ దిగేవాడు ఎప్పుడో ఒకప్పుడు అడుగుకు చేరక తప్పదు కదా!

చిక్కంతా ఆ పూర్ణాంకం ఏదన్నదే. రుణ సంఖ్యల లెక్క తగ్గుతుందేమో అనిపిస్తుంది. కానీ 0, −1, 0, 2, 0 ఒక్క అడుగుతో −1, 1, −1, 2, 0 అవుతుంది. ఒక్క రుణ సంఖ్య కాస్తా రెండయింది. వర్గాల మొత్తం కూడా 5 నుంచి 7కి పెరిగింది.

పక్కపక్క మూలలను వదిలేసి, ఒకటి విడిచి ఒకటి జత కట్టండి. అలాంటి జతలు ఐదు. ఒక్కో జతలోని తేడాను వర్గం చేసి, ఐదింటినీ కూడండి. మన మొదటి ఉదాహరణలో ఇది 10, 8, 6, 4, 2 అంటూ దిగుతుంది. ఈ ఆలోచన ఎలా తట్టాలో పరిష్కారాల పుస్తకాలు సాధారణంగా చెప్పవు, అదే వాటి మీద నా ఫిర్యాదు. ఆచూకీ ప్రశ్నలోనే ఉంది. మొత్తం సున్నా కంటే ఎక్కువన్న షరతు ఊరికే పెట్టరు, తగ్గుదలలో అది ఎక్కడో కనిపించాలి. నిజంగానే, ఎంచుకున్న రుణ సంఖ్యను ఐదింటి మొత్తంతో గుణించి రెట్టింపు చేస్తే వచ్చేదే ఇక్కడి మార్పు. ఐదింటి మొత్తం ఎప్పటికీ మారదు కనుక ప్రతి అడుగుకూ కనీసం 2 తగ్గుతుంది.

అదే మొత్తం సున్నా అయితే? మార్పూ సున్నాయే, దిగడం ఉండదు. ఐదూ సున్నాలైతేనే ఆట ఆగాలి, అప్పుడు వర్గాల లెక్కా సున్నా కావాలి. ఒక్క సున్నా కాని సంఖ్యతో మొదలైనా ఆ లెక్క సున్నా కాదు, ఇక మారదు కూడా. కాబట్టి ఆ ఆట ఎన్నటికీ ఆగదు.