వికలాంగ బాలల పోషణ - ప్రభుత్వ సహాయం

తెలంగాణలో వికలాంగ బాలలను పెంచుతున్న కుటుంబాలకు లభించే ముఖ్యమైన నెలవారీ ప్రభుత్వ సహాయం వికలాంగుల పింఛను. ఇది బిడ్డ వైకల్యాన్ని బట్టి బిడ్డ పేరుననే మంజూరవుతుంది. సంరక్షించే తల్లిదండ్రుల శ్రమకు ఇచ్చే భత్యం కాదు.

చరిత్ర

2014 నవంబరులో ఆసరా పథకం ప్రారంభమైనప్పుడు ఈ పింఛను నెలకు 1,500 రూపాయలు. 2019లో 3,016 రూపాయలైంది. 2023 జూన్ 9న మంచిర్యాల సభలో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు దీనిని పెంచుతున్నట్లు ప్రకటించాడు. ఆ తరువాత ఇది 4,016 రూపాయలైంది.

అర్హతలు

ఈ పింఛనుకు ఆసరా నిబంధనలలో వయోపరిమితి లేదు. అందువలన పసిపిల్లలు కూడా అర్హులే. వైకల్యం కనీసం 40 శాతం, వినికిడి లోపమైతే 51 శాతం ఉండాలి. దీనిని వైద్యుల బృందం పరీక్షించి ధ్రువీకరిస్తుంది. కుటుంబ ఆర్థిక స్థితిని కూడా పరిశీలిస్తారు. పిల్లలకు తాత్కాలిక ధ్రువపత్రం ఇచ్చినట్లయితే, గడువు తీరేలోగా మరల పరీక్ష చేయించుకోవాలి.

సంరక్షకుల భత్యం

బిడ్డ కొరకు తల్లి కూలిపని మానుకున్నా, ఆమె కోల్పోయిన ఆదాయం పింఛను లెక్కలోకి రాదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 24వ సెక్షన్ అధిక సహాయం అవసరమైన వికలాంగులకు సంరక్షకుల భత్యాన్ని పేర్కొన్నది. అయితే ఇటువంటి పథకాలను ప్రభుత్వాలు తమ ఆర్థిక స్తోమతకు లోబడి రూపొందించాలని అదే సెక్షన్ చెబుతున్నది. కావున చట్టంలో ఉన్నంత మాత్రాన భత్యం దానంతట అది చేతికి రాదు. కేరళలో ఆశ్వాసకిరణం అనే పథకం సంరక్షకుల కొరకే ఏర్పడింది.