నీళ్లు చల్లబడ్డాక బాస్ వేట

నవంబరు వచ్చేసరికి అమెరికా సరస్సుల మీద జనం పలచబడతారు. ఈత కొట్టేవాళ్లు ఉండరు. వేసవంతా హోరెత్తించిన స్పీడుబోట్లు షెడ్లకు చేరతాయి. బాస్ చేప కోసం గాలం వేసేవాళ్లలో చాలామంది మాత్రం సరిగ్గా ఈ రోజుల కోసమే కాచుకుని ఉంటారు. సరస్సు ఖాళీగా ఉంటుందని మాత్రమే కాదు, శీతాకాలానికి ముందు పెద్ద చేపలు గుంపులుగా ఒకచోట చేరేది ఇప్పుడే.

బాస్‌లో ముఖ్యంగా రెండు రకాలు. లార్జ్‌మౌత్ నోరు ఎంత పెద్దదంటే, దవడ చివర కన్ను దాటి వెనక్కి పోతుంది. స్మాల్‌మౌత్‌కు రాతి నేల, తేట నీరు ఇష్టం. మన కొరమీనులాగే బాస్ కూడా చాటున పొంచి ఉండి ఎరను ఒక్క గుక్కలో మింగుతుంది, పిల్లలకు కాపలా కాస్తుంది. 1932లో జార్జియా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ లేక్‌లో జార్జ్ పెర్రీ పట్టిన లార్జ్‌మౌత్ 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలకు పైమాటే. దానికి సాటివచ్చే చేప పడడానికి 77 ఏళ్లు పట్టింది. 2009లో జపాన్‌లోని బివా సరస్సులో కురిటా మనాబు దాన్ని పట్టాడు.

అసలు కథ నీటిలో ఉంది. వేసవిలో లోతైన సరస్సు పొరలు పొరలుగా విడిపోతుంది. వెచ్చని నీరు పైన తేలుతుంది, చల్లని నీరు అడుగున ఉండిపోతుంది. ఆ అడుగు నీటికి గాలి తగలదు కనుక అందులో ప్రాణవాయువు తగ్గిపోతుంది, చేపలు అక్కడికి దిగలేవు. చలిగాలులు మొదలయ్యాక పై నీరు చల్లబడి, బరువెక్కి, కిందికి దిగుతుంది. దిగుతూ దిగుతూ ఒకరోజు సరస్సంతా కలిసిపోతుంది. ఆ కొద్ది రోజులూ నీరు మురికిగా ఉంటుంది, వాసన కూడా వేస్తుంది, చేప సరిగా పడదు. ఓపిక పడితే చాలు. నీరు తేరుకున్నాక అడుగుదాకా ప్రాణవాయువు అందుతుంది, వేసవిలో మూసుకుపోయిన లోతులన్నీ చేపకు తెరుచుకుంటాయి. చేప ఎక్కడైనా ఉండవచ్చు కాబట్టి వెతకడం కష్టమయ్యేదీ అప్పుడే.

వెతకాల్సింది బాస్‌ను కాదు, దాని తిండిని. దక్షిణ రాష్ట్రాల జలాశయాల్లో ఆ తిండి షాడ్ అనే వెండి రంగు చిన్న చేప. శరదృతువు మొదట్లో షాడ్ మందలు వాగులు కలిసే పాయల చివరికి పోతాయి, బాస్ వాటి వెంట పోతుంది. నీరు ఇంకా చల్లబడ్డాక మందలు తిరిగి పెద్ద నీటి వైపు, నిటారుగా దిగిన ఒడ్ల పక్కకు, పాత వాగు గాడి మలుపుల్లోకి వస్తాయి. నీటి వేడి ఏడు డిగ్రీల దిగువకు పడితే థ్రెడ్‌ఫిన్ షాడ్ చలికి తట్టుకోలేక, గిలగిల కొట్టుకుంటూ మునిగిపోతుంది. తరమాల్సిన పని లేకుండా బాస్ దాన్ని నోట పట్టుకుంటుంది.

గాలం వేసేవాళ్ల పనితనమంతా ఆ గిలగిలను అనుకరించడంలోనే కనిపిస్తుంది. చేపకు సొంత వెచ్చదనం ఉండదు. నీరు చల్లబడితే ఒళ్లూ చల్లబడుతుంది, తిన్నది అరగడానికి చాలాసేపు పడుతుంది, ఎర వెంట దూరం పరుగెత్తే ఓపిక ఉండదు. అందుకే వేసవిలోలా ఎరను జోరుగా లాగితే లాభం లేదు. జెర్క్‌బెయిట్ అనే కృత్రిమ ఎరను ఒకసారి గుంజి, నీటిలో కదలకుండా నిలబెట్టి పది వరకు లెక్కపెడతారు. చేప అందుకునేది చాలాసార్లు ఆ నిశ్చలంలోనే. లోతులో ఉన్న గుంపు మీదికి నేరుగా స్పూన్ అనే లోహపు ఎరను దించి, ఎత్తి వదులుతారు.

టెనెసీ కొండల్లోని తేట జలాశయాల వాళ్లది ఇంకో పద్ధతి. పొడవాటి రాడ్డు దారానికి బెండు కట్టి, దాని కింద పది అడుగుల లోతున ఈకలతో చుట్టిన చిన్న ఎరను వేలాడదీస్తారు. అలలకు బెండు ఊగుతుంది, ఎర వణుకుతుంది, మనిషి చేయాల్సింది దాదాపు ఏమీ ఉండదు. నీటిలో చేప జాడ చూపే ఖరీదైన సోనార్ తెరల కాలంలో కూడా చెరువు గట్టు మీది బెండు గాలంతో చేప పడుతోందంటే సంతోషంగా ఉంటుంది. 1955లో 11 పౌండ్ల 15 ఔన్సుల ప్రపంచ రికార్డు స్మాల్‌మౌత్ పడిన డేల్ హాలో సరస్సు ఆ ప్రాంతంలోదే. ఆ చేప పడింది మాత్రం జులైలో.

డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకు తూర్పున, కారులో వెళ్లివచ్చే దూరంలోనే లేక్ ఫోర్క్ ఉంది. టెక్సస్ రాష్ట్ర రికార్డు బాస్, 18.18 పౌండ్లది, 1992 జనవరి చలిలో అక్కడే పడింది. అది కూడా క్రాపీ అనే వేరే చేప కోసం వేసిన చిన్న చేప ఎరకు! ఆ సరస్సు నిబంధన గట్టిది: 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న బాస్‌ను తిరిగి నీటిలో వదిలేయాలి. పెద్ద చేపలు అక్కడ ఇంకా మిగిలి ఉన్నాయంటే ఇలాంటి కట్టుబాటు వల్లే. 1972లో రే స్కాట్ తన బాస్ పోటీల్లో చేపను చంపకుండా వదిలే పద్ధతి తెచ్చాక ఆ అలవాటు దేశమంతా పాకింది.

చలికాలపు వేటలో వదలడం ఒక్కటే సరిపోదు. ముప్పై అడుగుల కన్నా లోతు నుంచి పైకి లాగిన బాస్ కడుపులోని గాలితిత్తి ఉబ్బిపోతుంది. వదిలినా అది కిందికి ఈదలేక పైనే తేలుతూ చచ్చిపోవచ్చు. తినే ఉద్దేశం లేనప్పుడు అంత లోతు గుంపును వదిలేసి, పది పదిహేను అడుగుల్లో ఉన్న చేప కోసం వెతకడమే న్యాయం.

మొదటిసారి వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి మరికొన్ని ఉన్నాయి. టెక్సస్‌లో పదిహేడేళ్లు నిండినవారికి ఫిషింగ్ లైసెన్సు ఉండాలి. చల్లని నీటిలో పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, పది నిమిషాలకు చేతులు మొద్దుబారతాయి. ఈత బాగా వచ్చినవాళ్లకూ అంతే. బోటులో ఒంటరిగా వెళ్లకండి, గట్టు ఎక్కేదాకా లైఫ్ జాకెట్ విప్పకండి.