రెక్క ఆగాక మొదలయ్యే పని

ఆదోనిలో 2022 జూలై 5న విద్యా కానుక పథకం సభ జరిగింది. ఎమ్మిగనూరులో 2023 అక్టోబర్ 19న చేదోడు పథకం సభ జరిగింది. నాయకులు హెలికాప్టర్‌లో వచ్చే ఇలాంటి సభ ఉందంటే ముందురోజే మైదానంలో సున్నంతో గుండ్రటి గీత, మధ్యలో హెచ్ అక్షరం, దుమ్ము లేవకుండా ట్యాంకర్ నీళ్లు. హెలికాప్టర్ దిగగానే జనం కళ్లన్నీ తలుపు మీదే. నన్నడిగితే చూడదగిన మనిషి వేరే. రెక్కలు పూర్తిగా ఆగాక నెమ్మదిగా చుట్టూ తిరిగే ఇంజనీరు, ఒక్కోసారి పైలటే. ఆయన వెతికేదేమిటి?

విమానం రెక్క బిగించి ఉంటుంది. హెలికాప్టర్ రెక్క తిరుగుతుంది, తిరుగుతూనే కోణం మార్చుకుంటుంది. పైలట్ చేతి కదలికను ఆ రెక్కకు అందించేది స్వాష్‌ప్లేట్. ఇందులో రెండు పళ్లాలు. కిందది తిరగదు, వాలుతుంది, పైకీ కిందికీ జరుగుతుంది. పైది రెక్కలతోపాటే తిరుగుతుంది. రెంటి మధ్య బేరింగ్. పై పళ్లెం నుంచి ఒక్కో రెక్కకు ఒక్కో కడ్డీ, దాని పేరు పిచ్ లింక్. ఇంజన్లు ఆగిపోయినా గాలి తోపుతో రెక్కలు తిరిగేలా చూసుకుంటూ దిగవచ్చు. పిచ్ లింక్ ఊడితే పైలట్ చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు. బెంగళూరు హెచ్‌ఏఎల్ తయారుచేసిన కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ ఒకటి 2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కూలి ముగ్గురు చనిపోయారు. విచారణ స్వాష్‌ప్లేట్ పగులు దగ్గరికే వచ్చింది. ధ్రువ్‌లను నెలల తరబడి ఎగరనివ్వలేదు.

అందుకే ఆ మనిషి ముందు చేతిని నమ్ముకుంటాడు. లింక్ పట్టుకుని ఊపి, ప్లే, అంటే వదులు, ఉందేమో చూస్తాడు. అనుమానమొస్తే డయల్ గేజ్ పెట్టి కొలుస్తాడు. మాన్యువల్ హద్దు దాటితే మార్చాల్సిందే, బేరం లేదు. నట్టు మీదా పక్క లోహం మీదా కలిపి గీసిన రంగు గీత తప్పిందంటే నట్టు కదిలిందన్నమాట. అతుకుల దగ్గర నల్లటి పొడో తుప్పురంగు పొడో కనిపిస్తే లోపల రెండు లోహాలు రాసుకుంటున్నాయి. ఫైబర్ రెక్కనైతే నాణెంతో తట్టి వింటాడు. పొరలు విడిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది.

అన్నిటికన్నా చిక్కు ఫిర్యాదు వణుకు. ఎటు వణుకుతోంది, చుట్టుకు ఎన్నిసార్లు? ఇది తేలకుండా స్పానర్ ముట్టకూడదు. చుట్టుకొకసారి కిందామీదా ఎగరేస్తుంటే, ఒక రెక్క మిగతావాటి దారి వదిలి ఎత్తులోనో పల్లంలోనో తిరుగుతుండవచ్చు. పిచ్ లింక్ పొడవు కాస్త సవరిస్తారు. అడ్డంగా ఊపితే బరువు తేడా కావచ్చు. టైర్ల షాపులో చక్రానికి సీసం ముక్క కొట్టినట్టే ఇక్కడా చిన్న బరువులు కలుపుతారు. పెడళ్ల మీద పాదాలు జుమ్మంటుంటే తోక రెక్కను చూడాలి. పూర్వం రెక్కల కొనలకు వేర్వేరు రంగుల సుద్ద పూసి, తిరుగుతుండగా కర్రకు కట్టిన గుడ్డను దగ్గరికి తెచ్చేవారట. ఏ రంగు ఎంత ఎత్తులో అంటిందో చూస్తే దారి తప్పిన రెక్క దొరికేది. గుండె ధైర్యం కావలసిన పని! ఇప్పుడు సెన్సర్లు, కెమెరాలు వచ్చాయి. ఏదైనా ఒక సవరణ చేయాలి, మళ్లీ తిప్పి చూడాలి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తేలదు.

మన పడమటి కర్నూలు ఎండల్లో దుమ్ము ఇంకో తలనొప్పి. రెక్క ముందంచును అది గీకేస్తుంది. ఎగిరే వస్తువులు మరీ ప్రమాదం. 2023 మార్చి 6న కలబురగి జిల్లా జేవర్గిలో కర్ణాటక మాజీ ముఖ్యమంత్రి యడియూరప్ప హెలికాప్టర్ దిగబోతుండగా ప్లాస్టిక్ పట్టాలు గాల్లోకి లేచాయి, పైలట్ దిగకుండా పైకి లేపేశాడు.

గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరిగే చోట ఒక అయస్కాంతపు ప్లగ్ ఉంటుంది. లోహపు రజను దానికి అంటుకుంటే కాక్‌పిట్‌లో దీపం వెలుగుతుంది. 2009 ఏప్రిల్ 1న స్కాట్లండ్ తీరంలో సూపర్ ప్యూమా హెలికాప్టర్ కూలి 16 మంది పోయారు. దానికి వారం ముందే ప్లగ్‌కు అంటుకుని ఒక లోహపు ముక్క దొరికింది. ఒకరి మాట ఒకరికి సరిగా అర్థంకాక, గేర్‌బాక్స్ లోపలి అయస్కాంతాలను విప్పి చూడలేదు. లోపల ఒక గేరు అప్పటికే పగులుబారుతోంది.

అదే ఏడాది సెప్టెంబర్ 2న నల్లమలలో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 కూలింది. విచారణ కమిటీ చూపిన కారణం యంత్రం కాదు. గాలి ఒక్కసారిగా కిందికి తోసేయడంతో హెలికాప్టర్ అదుపు తప్పిందన్నారు. అయితే అంతకుముందు చాలా నిమిషాలు సిబ్బంది ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక పట్టుకుని పుస్తకంలో వెతుకుతూ గడిపారని కూడా నివేదికలో ఉంది. బయటేమో మబ్బులు ముసురుకున్నాయి.

ఆదోని మైదానంలో దిగాక ఆ ప్లగ్ దీపం వెలిగితే నాయకుడు కారులో వెళ్తాడు. ఇంజనీరు ప్లగ్ విప్పుతాడు, రజనును తుడిచి తెల్లగుడ్డ మీద పెడతాడు. నలుసులాంటి పొడైతే మాన్యువల్ అనుమతించిన మేరకు శుభ్రం చేసి, నేలమీదే కాసేపు తిప్పి, మళ్లీ విప్పి చూస్తాడు. రేకుల్లా పొరలున్న ముక్కయితే ఆ హెలికాప్టర్ ఆ రాత్రికి ఆదోనిలోనే.