బయానాకు ముందే గోడను అడగండి

పల్లెలో పాత ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు రెండు పనులు తప్పకుండా చేస్తారు. లాయరుకి కాగితాలు చూపిస్తారు, సిద్ధాంతికి ఇల్లు చూపిస్తారు. ముప్పై ఏళ్ల ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు వెతికిస్తారు, ఈశాన్యం పెరిగిందో తగ్గిందో టేపు పెట్టి కొలిపిస్తారు. ఇంతా చేసి, ఆ గోడలూ దూలాలూ ఇంకెన్నాళ్లు నిలబడతాయో చెప్పగల మనిషిని మాత్రం పిలవరు. తెలిసిన మేస్త్రి ఒకాయన వచ్చి అరచేత్తో గోడను రెండుసార్లు చరిచి, పాత కట్టడం కదా గట్టిగానే ఉందంటే బయానా చేతులు మారుతుంది. అదే మేస్త్రి పెదవి విరిచి పడగొట్టాల్సిందేనంటే బుల్డోజరు వస్తుంది. మొదటి మాట నమ్మి కుటుంబాలు దెబ్బతింటున్నాయి. రెండో మాట నమ్మి, ఇంకో యాభై ఏళ్లు నిలవగలిగిన ఇళ్లు నేలమట్టమవుతున్నాయి.

కోనసీమలోనో, భీమవరం పక్కనో, దివిసీమలోనో మండువా లోగిలి అమ్మకానికి ఉందంటే ఇప్పుడు హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కార్లు కట్టుకుని వస్తున్నారు. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నల కోసం కొందామంటారు. రిటైరైన దంపతులు ఊరి గాలి కోసం అడుగుతారు. ఈ కోరిక మంచిదే. అలాంటివాళ్లు రాకపోతే ఆ ఇళ్లను కలప కోసం విప్పేస్తారు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవులకు బర్మా నుంచి ఓడల్లో వచ్చిన టేకు ఇప్పటికీ ఎన్నో గోదావరి ఇళ్లలో స్తంభాలుగా, ద్వారబంధాలుగా నిలబడి ఉంది. వాటికి నగరాల్లో గిరాకీ ఉంది. కాబట్టి కొని, అందులో కాపురముండేవాళ్లు ముందుకు రావాలి. వచ్చేవాళ్లు ఇంటి ఆరోగ్యం నిక్కచ్చిగా తెలుసుకునే రావాలి.

బ్రిటన్‌లో దీనికొక పద్ధతి ఉంది. చార్టర్డ్ సర్వేయర్ల సంస్థ ఆర్‌ఐసీఎస్ ఇళ్ల పరీక్షను మూడు స్థాయిలుగా విభజించింది. పాతబడిన ఇళ్లకూ బాగా మార్పులు చేసిన ఇళ్లకూ మూడో స్థాయి పరీక్ష. అందులో పైకప్పు నుంచి నేల దాకా చూసి, లోపమేమిటో, కారణమేమిటో, మరమ్మతు ఎలాగో రాసిస్తారు. మన దగ్గర ఇదొక వృత్తిగా స్థిరపడలేదు. బ్యాంకు పంపే వాల్యూయర్ అప్పుకు ఆస్తి విలువ సరిపోతుందా అన్నంతవరకే చూస్తాడు. గ్రామకంఠంలో సరైన పత్రాల్లేని పాత ఇంటికి బ్యాంకు అప్పు దొరకడమే కష్టం, అంటే ఆ పాటి కన్ను కూడా ఇంటి మీద పడదు.

చట్టం ఏమంటోందో చూడండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, తనకు తెలిసి, కొనేవాడికి తెలియని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. అయితే కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూస్తే కనిపెట్టగలిగిన లోపాలకు ఇది వర్తించదు. తలెత్తితే కనిపించే దూలపు బీటను చూడకుండా కొంటే ఆ నష్టం కొన్నవాడిదే. ఇక అమ్మేవాడికే తెలియని లోపాల సంగతేమిటి? అటక ఎక్కి ఏళ్లు గడిచిన ఇంటివాళ్లకు దూలం మొదలు కుళ్లిన సంగతి ఎలా తెలుస్తుంది?

నీళ్లు ఎటు పోతున్నాయి?

నన్నడిగితే పరీక్ష నీటితోనే మొదలవ్వాలి. మండువా ఇంట్లో నాలుగు వైపుల కప్పు మీద పడ్డ వానలో సగం లోపలికే దిగుతుంది. నడిమి మండువాలోంచి తూము గుండా, ఏదో ఒక గది కిందుగా బయటికి పోతుంది. ఆ తూము ఏ గది కింద ఉంది? బయట ఎక్కడ తేలుతోంది? ఇల్లు కట్టిన రోజుల్లో వీధి కన్నా అరుగు నాలుగు మెట్లు ఎత్తులో ఉండేది. తరవాత గ్రావెల్ రోడ్డు పడింది, దాని మీద సీసీ రోడ్డు, దాని మీద మరొకటి. వీధి పెరిగిపోయి, ఇంటి తూము రోడ్డు కన్నా కిందికి పోయిన ఇళ్లు మన పల్లెల్లో లెక్కలేనన్ని. బయటికి పోలేని నీరు పునాదుల కిందే ఇంకుతుంది. ఒక ట్యాంకరు నీళ్లు మండువాలోకి వదిలించి, ఎంతసేపట్లో పోతాయో, ఎటు పోతాయో నిలబడి చూడాలి. తర్వాత కప్పు. రెండు వాలులు కలిసే లోపలి మూలల్లో నీటి ఉరవడి ఎక్కువ కాబట్టి, వాటి కిందున్న మూలవాసాలే ముందు పాడవుతాయి.

గోదావరి లంకల్లోనూ కోనసీమలోనూ ఇంకో మాట అడగాలి: 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఇంట్లో ఎంత ఎత్తు వచ్చాయి, ఎన్నాళ్లు నిలిచాయి? 1996 నవంబరు 6 తుపానుకు పెంకు లేచిపోయిందా, లేస్తే ఎవరు, దేంతో తిరిగి కప్పారు? అమ్మేవాళ్లు చెప్పకపోయినా పక్కింటి పెద్దవాళ్లు చెబుతారు. ఆ సంవత్సరాల్లో హడావుడిగా చేసిన మరమ్మతుల్లోనే చాలా బలహీనతలు దాగి ఉంటాయి.

చేవ ఎంత మిగిలింది?

కలప ఇళ్లలో అబద్ధం చెప్పేది మధ్యభాగం. మన కళ్లకు ఎదురుగా ఉండే దూలం నడుము నున్నగా, నల్లగా మెరుస్తూ ఉంటుంది. గోడలోకి దూరిన దాని రెండు కొసలకే గాలి ఆడదు, అక్కడే చెమ్మ చేరుతుంది. కలపలో తేమ 20 శాతం దాటి నిలిచిపోతే బూజు పెరిగి కుళ్లు మొదలవుతుంది. కాబట్టి తేమ కొలిచే మీటరు ఆ కొసల దగ్గర పెట్టాలి. దబ్బనమో స్క్రూడ్రైవరో గుచ్చి ఎంత లోతుకు దిగుతుందో చూడాలి. సుత్తితో తట్టితే చేవ ఉన్నచోట కంగుమంటుంది, డొల్లయిన చోట చప్పుడు చచ్చిపోతుంది. గోడ వెంట పైకి పాకిన సన్నటి మట్టి దారులుంటే చెద. కింద పిండిలా పొడి రాలుతుంటే తొలిచే పురుగు. పాత టేకు చేవను చెద అంత తేలిగ్గా ముట్టదు. అయితే అన్నిచోట్లా టేకే ఉంటుందనుకోవద్దు. స్తంభాలకు టేకు వాడి, పైన తాటి వాసాలు వేసినవాళ్లున్నారు. తర్వాతి తరాలు విరిగిన చోట మామిడి చెక్క అతికించి రంగు వేశాయి. రంగు కింద ఏ కలప ఉందో ఊరి వడ్రంగికి తెలిసినంతగా పట్నం ఇంజనీరుకి తెలియదు. అందుకే ఇద్దరూ కలిసి రావాలి.

కొప్పు వరుసను వీధిలోంచి ఒకసారి, పెరట్లోంచి ఒకసారి చూడాలి. నడుమ ఒంగి ఉంటే కింద దూలమో నిట్రాడో లొంగిందని అర్థం. వాసాలు కింది కొసల్లో పట్టు తప్పితే గోడ తలను బయటికి తోస్తాయి. మేస్త్రి గుండు వేలాడదీసి చూస్తే ఆ ఒరుగు ఎంతో తేలిపోతుంది.

సిమెంటు చేసిన చేటు

ఇక గోడ. ఈ విషయంలో నాకు గట్టి పట్టింపు ఉంది. మన పాత ఇళ్లకు మరమ్మతు పేరుతో జరిగినంత హాని వానల వల్ల కూడా జరగలేదు. గానుగ సున్నంతోనో మట్టితోనో కట్టిన గోడ నేలలోంచి చెమ్మను పీలుస్తుంది, ఎండలో వదిలేస్తుంది. ఆ గోడకు సిమెంటు పూత పూస్తే లోపలికి చేరిన తడి బయటికి రాలేదు. ఇంకా పైకి పాకుతుంది, ఉప్పు పూస్తుంది, ఇటుక పొడిపొడిగా రాలుతుంది. పూత మాత్రం కొన్నాళ్లు నున్నగా కనిపిస్తుంది. అమ్మకానికి ముందు నడుమెత్తు వరకు కొత్తగా సిమెంటు పూసి, టైల్స్ అంటించి, రంగు వేసిన ఇంటిని చూస్తే నాకు అనుమానం పెరుగుతుంది. కనిపించని ఒక మూల అరచేయంత పూత ఒలిచి లోపలి ఇటుకలను, వాటి మధ్యనున్న సున్నాన్ని చూడనివ్వమని అడగండి. వేలితో గీరితే ఇసుకలా రాలుతోందా, గోరు దిగనివ్వడం లేదా అన్నది అక్కడే తేలిపోతుంది.

1970ల తర్వాత చాలా ఇళ్లకు వెనకవైపు స్నానాల గదో, వంటగదో స్లాబుతో చేర్చారు. పాత ఇంటికన్నా ఆ ముక్కే ముందు శిథిలమవుతోంది. చువ్వ తుప్పు పడితే ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులూడుతుంది. ఆ స్లాబు మీద 1000 లీటర్ల ట్యాంకు పెట్టి ఉంటే నిండినప్పుడు టన్ను బరువు. పై గది వేసుకుందామన్న ఆలోచన కొనేవాళ్లకు మనసులో ఉంటే పరీక్షకు వచ్చినవారికి ముందే చెప్పాలి. గోడ ఇప్పుడు నిలబడి ఉండటం వేరు, అదనపు బరువు మోయడం వేరు. కరెంటు వైరింగు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. చెక్క పట్టీల మీద ఎర్తింగ్ లేని పాత తీగలుంటే మొత్తం మార్చాల్సిందే, ఆ ఖర్చు లెక్కలో వేసుకోవాలి.

నల్లరేగడి ఊళ్లలో పగుళ్లకు ఒక తీరు ఉంటుంది. వానకు నేల ఉబ్బుతుంది, వేసవికి కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది, పునాది లోతు చాలకపోతే గోడ దాంతోపాటు లేస్తుంది, దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పోయే పగుళ్లు దానికి గుర్తు. వెంట్రుకంత పగులుకు బెంబేలెత్తక్కర్లేదు. 5 మిల్లీమీటర్లు దాటితే మాత్రం కారణం తెలియకుండా పూడ్చకూడదు, 15 దాటితే గోడలో కొంత భాగం తీసి కట్టాల్సి రావచ్చు. పగులు వెడల్పు కన్నా ముఖ్యమైంది అది ఆగిందా, నడుస్తోందా అన్నది. పగులు మీద గాజు ముక్క అతికించి తేదీ రాసి వదిలేస్తే, కదలిక ఉంటే గాజు విరుగుతుంది. గుంటూరు, ప్రకాశం వైపూ రాయలసీమలోనూ పూర్వం ధాన్యం నిల్వచేసిన పాతరలు ఇంటి ఆవరణలోనే ఉండేవి. వాడకం పోయి, పైన బండ పరిచి మరిచిపోయినవి ఉన్నాయి. పూడ్చిన పాత బావులూ అంతే. వాటి మీద కారు నిలిపితే, కొత్త గోడ లేపితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రాతి మిద్దెలు కొనేవాళ్లు లాతూరును గుర్తుపెట్టుకోవాలి. 1993 సెప్టెంబరు 30న అక్కడి కిల్లారి భూకంపంలో వేలమందిని చంపింది మట్టితో పేర్చిన రాతి గోడలూ, వాటి మీద ఏటేటా పరుస్తూ పోయిన మట్టి కప్పుల బరువూ. లోపలొక వరస, బయటొక వరస రాళ్లు పేర్చి మధ్యలో చిన్న రాళ్లు నింపిన గోడలవి. రెంటినీ పట్టి ఉంచేలా గోడ మందమంతా ఉండే పొడవాటి రాళ్లు లేకపోతే కుదుపుకు రెండు పొరలూ విడిపోతాయి. తెలంగాణలో, సీమలో ఇదే తీరున కట్టిన ఇళ్లున్నాయి. మన దగ్గర భూకంపాలేమిటనుకుంటే, 1969లో భద్రాచలం దగ్గర, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర భూమి కంపించింది. గోడ ఎక్కడైనా పొట్టలా ఉబ్బి ఉంటే పొరలు విడిపోవడం మొదలైందేమో చూడాలి. ఏటా చౌడు పరిచిన మిద్దె అయితే కప్పు మందం కొలిచి అనవసరమైన మట్టి దించాలి.

సగం ఇల్లు

అన్నిటికన్నా చిక్కైనది పంపకాల్లో చీలిన ఇల్లు. అన్నదమ్ములు మండువాను రెండుగా పంచుకుని మధ్యలో గోడ లేపారు. ఒక సగం అమ్మకానికి వచ్చింది. పత్రంలో హద్దులు స్పష్టంగానే ఉంటాయి. కానీ దూలం హద్దు ఎరగదు, ఇటు గోడ మీద మొదలై అటు సగంలోకి పోతుంది. కొప్పు ఒకటే, తూము ఒకటే. రేపు అవతలివాళ్లు తమ సగం విప్పి డాబా కడితే ఇవతలి కప్పుకు ఆనిక పోతుంది. వాళ్ల తవ్వకాలతో ఉమ్మడి గోడ పునాది కదులుతుంది. పరీక్ష చేసేవారు అవతలి సగంలోకి కూడా వెళ్లి చూడాలి. చూడనివ్వకపోతే ఆ సంగతి నివేదికలో రాయాలి. ఏ దూలం ఎవరి గోడ మీద ఆనుతుందో చూపే బొమ్మ గీయించి, అవతలివాళ్లతో రాతపూర్వకమైన ఒప్పందం చేసుకోకుండా సగం ఇల్లు కొనొద్దని నా గట్టి సలహా.

ఎవరిని పిలవాలి? పాత కట్టడాల మీద పనిచేసిన స్ట్రక్చరల్ ఇంజనీరుని. కాంక్రీటు మాత్రమే తెలిసినవారు సున్నపు గోడను కూడా కాంక్రీటు కొలతలతోనే చూసి కొట్టేస్తారు. ఇంటాక్ వంటి వారసత్వ సంస్థలతో పనిచేసే వాస్తుశిల్పులను వాకబు చేయవచ్చు. స్లాబుల పరీక్షలకు ప్రభుత్వ ఇంజనీరింగు కళాశాలల సివిల్ విభాగాల్లో అడగవచ్చు. నివేదిక నోటిమాటగా వద్దు. ప్రతి లోపానికి ఫొటో, కారణం, వెంటనే చేయాల్సిందా ఆగవచ్చా అన్నది, ఉజ్జాయింపు ఖర్చు ఉండాలి. చూడలేకపోయిన చోట్ల పేర్లు కూడా ఉండాలి.

ఇల్లు ఒకసారి వేసవిలో, ఒకసారి వానల్లో చూడగలిగితే మేలు. వేసవిలో నేల నెర్రెలతో పాటు పగుళ్లు విచ్చుకుంటాయి, చెమ్మ కనపడదు. శ్రావణంలో అటక కింద నిలబడితే కప్పు సంగతి తెలుస్తుంది. అంత వ్యవధి అమ్మేవాళ్లు ఇవ్వకపోతే, కొద్దిపాటి బయానాతో, నివేదిక వచ్చేదాకా మిగతా సొమ్ము ఇవ్వనక్కర్లేకుండా, నివేదికలో పెద్ద లోపం తేలితే బయానా వెనక్కి వచ్చేలా అగ్రిమెంటులో రాయించుకోవాలి. ఇందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర మరింత నెమ్మదిగా అడుగు వేయాలి. ఒప్పుకున్నవారితో నివేదికను దాచుకోకుండా ముందు పెట్టి, మరమ్మతు ఖర్చు చూపించి ధర మాట్లాడుకోవచ్చు.

కొన్నాక కూడా ఆ కాగితమే పనుల వరస చెబుతుంది. మొదటి ఏడాది డబ్బంతా తూముకు, పెంకు సర్దడానికి, కుళ్లిన దూలపు కొసలకు పోతుంది. ఆ తర్వాత సిమెంటు పూత ఒలిచి, గోడను ఒక వేసవంతా ఆరనిచ్చి, సున్నంతో తిరిగి పూయాలి. రంగులూ గచ్చుల మెరుగూ మూడో ఏటి పని.