పేరుకే ‘నిల్’.. నిండుకోని ఊరు!

మెల్‌బోర్న్‌లో మనవాళ్లను ‘ఎక్కడుంటారండీ?’ అని అడిగితే టార్నిట్, పాయింట్ కుక్, వెరిబీ.. అంటూ వరసపెట్టి చెబుతారు. ‘నిల్‌లో ఉంటాం’ అనేవాళ్లు మాత్రం మాకింతవరకూ తగల్లేదు. ఎడిలైడ్ వెళ్లే దారిలో మొదటిసారి ఆ బోర్డు చూసి ‘సున్నా అనా దీనర్థం?’ అని మేమూ నవ్వుకున్నాం. ఆ ఊరి సంగతి తెలిశాక మాత్రం నలుగురికీ చెప్పాలనిపించింది.

ఎక్కడుందీ ఊరు?

విక్టోరియా రాష్ట్రం పడమటి అంచున, మెల్‌బోర్న్‌కు సుమారు 375 కి.మీ. దూరంలో ఉంది నిల్. ఎడిలైడ్‌కూ దాదాపు అంతే దూరం. అంటే సరిగ్గా నడిమధ్య ఊరన్నమాట. వెస్టర్న్ హైవే, ఓవర్‌ల్యాండ్ రైలు రెండూ ఈ ఊరిమీదుగానే పోతాయి. ఇది వోట్‌జోబలుక్ ఆదివాసుల నేల. దక్షిణాన ‘లిటిల్ డెజర్ట్’ జాతీయవనం, మిగతా వైపులా కనుచూపుమేర గోధుమ, బార్లీ పొలాలు. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. మన అనంతపురమే నయం!

జనాభా రెండు వేలకు అటూ ఇటూ. నిల్ ఉన్న హైండ్‌మార్ష్ షైర్ మొత్తం విస్తీర్ణం సుమారు 7,500 చదరపు కి.మీ. 2021 లెక్కల ప్రకారం అక్కడున్నది 5,700 మంది. పాత కృష్ణా జిల్లా 8,727 చదరపు కి.మీ.ల్లో 2011లోనే 45 లక్షల మంది ఉన్నారు. తేడా మీరే చూడండి.

జనం ఏమయ్యారు?

పెద్ద యంత్రాలొచ్చాయి. పది కుటుంబాలు చేసే సేద్యం ఒక్క కుటుంబమే చేసుకోగలుగుతోంది. చదువుకున్న పిల్లలు మెల్‌బోర్న్ బాట పట్టారు. మన పల్లెల్లోనూ ఇదే కదా కథ! జనం తగ్గితే బడిలో పిల్లలు తగ్గుతారు, దుకాణాలు మూతపడతాయి, చివరికి ఆసుపత్రి నిలబెట్టుకోవడమూ కష్టమే.

చిత్రమేమిటంటే పని లేక కాదు, చేసేవాళ్లు లేక ఇబ్బంది. నిల్‌లో ‘లవ్-ఎ-డక్’ అనే బాతుమాంసం కంపెనీ ఉంది. దానికి మనుషులు దొరకలేదు. 2010లో మనవాళ్లు ఎక్కువగా ఉండే వెరిబీ నుంచే కరెన్ శరణార్థులను పిలిచారు. బర్మాలో యుద్ధం నుంచి పారిపోయి, థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు వీళ్లు. మొదట వచ్చింది గుప్పెడు మంది. అయిదేళ్లలో దాదాపు 200 అయ్యారు! ఊరివాళ్లు ఇంగ్లిషు నేర్పారు, ఇళ్లు వెతికిపెట్టారు. 2015లో ఏఎంఈఎస్, డెలాయిట్ కలిసి లెక్కగడితే, ఆ అయిదేళ్లలో ప్రాంతీయ ఆదాయానికి తోడైంది 4.15 కోట్ల డాలర్లు, పెరిగిన ఉద్యోగాలు 70 పైచిలుకు. తరుగుతున్న జనాభాకు అడ్డుకట్ట పడింది. అయితే అద్దె ఇళ్లకు కటకట కూడా మొదలైంది.

మరి మన సంగతి?

ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 2016లో 34 వేల పైచిలుకు. 2021 నాటికి 59 వేలు దాటారు. 2019 నవంబరులో వచ్చిన 491 వీసాతో ప్రాంతీయ ప్రాంతాల్లో మూడేళ్లుండి, ఆదాయం చూపితే శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవచ్చు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ మినహా దాదాపు దేశమంతా ఆ లెక్కలోకే వస్తుంది. ఎడిలైడ్ కూడా! అలాంటప్పుడు నిల్ లాంటి ఊరిని ఎవరు ఎంచుకుంటారు?

గుడి లేదు, కరివేపాకు దొరకదు అని కొట్టిపారేయకండి. ఊళ్లో ఆసుపత్రి ఉంది, పన్నెండో తరగతి వరకూ బడి ఉంది. కానీ వెళ్లేముందు మూడు చూసుకోవాలి.. అద్దె ఇల్లు, డ్రైవింగ్ లైసెన్సు, భార్యాభర్తలిద్దరికీ పని. ఒకరికి ఉద్యోగముండి రెండోవారు ఇంట్లో ఒంటరిగా కూర్చుంటే ఆ కాపురం అక్కడ నిలవదు. కరెన్‌లు నిలబడింది కుటుంబాలతో, తోడుగా వచ్చారు కాబట్టే.

ఈసారి ఎడిలైడ్ వెళ్తుంటే పెట్రోలు కొట్టించుకుని వెళ్లిపోకండి. ఓ కాఫీ తాగి, ఊరు చూసి కదలండి. ఎవరు కనిపించినా పలకరిస్తే మాట కలుపుతారు!