కారుకు సైకిల్ కడుతున్నారా? ముందు దుమ్ము దులపండి!

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఘాట్‌లో సైకిల్ తొక్కాలని కారు డిక్కీకి ర్యాక్ కట్టి బయల్దేరతారు. తిరిగొచ్చాక చూస్తే పెయింట్‌పై గీతలు! తప్పు ర్యాక్‌ది కాదు, దుమ్ముది. మన ఊళ్లో బొగ్గుపొడి, సముద్రపు ఉప్పు కారుపై పేరుకుంటాయి. వాటిమీదే బెల్టు బిగిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే.

అందుకే ముందు కారు కడగండి, ర్యాక్ ప్యాడ్లనూ తుడవండి. రెండు సైకిళ్లయితే మధ్యలో పాత దుప్పటి పెట్టండి. పెడళ్లు తీసేయండి. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుంది, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. నంబర్ ప్లేటు, వెనక లైట్లు కనిపించాలి.

ఘాట్ ఎక్కేముందు ఎస్.కోటలో ఆగి బెల్టులు మళ్లీ బిగించండి. మలుపులో సైకిల్ జారితే పోయేది పెయింటే కాదు, వెనక బైకుపై వచ్చేవాళ్ల ప్రాణం కూడా.