నడుముల పుట్టి మడమ దాకా: సయాటికాకు ఆయుర్వేదం ఎంతవరకు పనికొస్తుంది?

సంక్రాంతి దాటిందంటే నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో పసుపు పని జోరందుకుంటుంది. జూన్‌లో నాటిన పంటను ఎనిమిది, తొమ్మిది నెలల తర్వాత తవ్వుతారు. దుంపలు ఏరి, ఉడకబెట్టి, ఆరబోసి, మెరుగు పట్టి, కొమ్ములను (కాడి), గుండ్రటి దుంపలను (గోళ) వేరు చేసి, బస్తాలకెత్తి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు పంపుతారు. వీటిలో చాలా పనులు నడుము వంచి చేసేవే. బీడీలు చేసే ఇళ్లలో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా ముందుకు వంగి కూర్చుంటారు. అందుకే ఈ ప్రాంతంలో ఒక మాట తరచూ వినిపిస్తుంది: "నడుముల పుట్టి మడిమె దాకా గుంజుతున్నది."

రోగ నిర్ధారణలో సగం ఆ మాటలోనే ఉంది. నొప్పి నడుముతో ఆగకుండా పిర్ర, తొడ వెనుక భాగం, పిక్క, పాదం దాకా గీత గీసినట్టు దిగితే అది సాధారణ నడుము నొప్పి కాకపోవచ్చు. సయాటికా కావచ్చు. దీనికి చెట్ల మందు ఉందా? ఇంట్లో ఉన్న పసుపుతో తగ్గుతుందా? ఆపరేషన్ లేకుండా బయటపడొచ్చా? జనం అడిగే ఈ మూడు ప్రశ్నలకూ సూటిగా జవాబు చెప్పుకోవాలి. ఎందుకంటే సగం తెలిసిన జవాబుతో కాలి బలం పోగొట్టుకునే ప్రమాదం ఉన్న జబ్బు ఇది.

నొప్పి కాలిలో, తప్పు నడుములో

శరీరంలో అన్నిటికంటే లావైన నరం సయాటిక్ నరం. నడుము కింది భాగంలో వెన్నుపూసల మధ్య నుంచి వచ్చే ఐదు వేళ్లు కలిసి ఇది ఏర్పడుతుంది. పిర్రల కింద నుంచి తొడ వెనుకగా దిగి, మోకాలి దగ్గర చీలి, పాదం దాకా పోతుంది. చాలామందిలో ఈ నరం మొదట్లోనే, అంటే వేరు దగ్గరే నలుగుతుంది. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల, డాక్టర్లు డిస్క్ అనేది, పక్కకు ఉబ్బి నరం వేరును నొక్కుతుంది. డిస్క్ లోపలి గుజ్జు బయటికి వస్తే అక్కడ వాపు కూడా వస్తుంది. నలిగేది నడుములో అయినా, ఆ నరం ఎంత దూరం పోతుందో అంత దూరం నొప్పి తెలుస్తుంది. పిక్కకు ఎంత రుద్దినా నొప్పి పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదే.

డిస్క్ మీద ఎంత భారం పడుతుందో జర్మనీలో విల్కే బృందం 1999లో ఒక వ్యక్తి డిస్క్‌లో సూక్ష్మ పరికరం అమర్చి కొలిచింది. 20 కిలోల బరువును ఒంటికి ఆనించి పట్టుకున్నప్పుడు 1.1 మెగాపాస్కల్ ఉన్న ఒత్తిడి, అదే బరువును ఛాతీకి 60 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే 1.8కి పెరిగింది. నడుము గుండ్రంగా వంచి ఎత్తితే 2.3కి చేరింది. అదే మనిషి ఊరికే నిలబడితే 0.5 మాత్రమే. పసుపు బస్తాను నడుము వంచి, చేతులు చాచి లాగే మనిషి డిస్క్ మీద ఏం జరుగుతుందో ఈ అంకెలు చెబుతాయి.

అందరిలో కారణం డిస్క్ ఒక్కటే కాదు. వయసు మళ్లినవారిలో వెన్ను లోపలి దారి ఇరుకై నరాలు నలుగుతాయి. తేడా ఇంట్లోనే కొంతవరకు గుర్తుపట్టవచ్చు. డిస్క్ సమస్య ఉన్నవారికి కూర్చున్నా, ముందుకు వంగినా, దగ్గినా, తుమ్మినా నొప్పి పెరుగుతుంది. దారి ఇరుకైనవారికి నాలుగడుగులు నడిస్తే కాళ్లు బరువెక్కుతాయి. కూర్చుంటే, కాస్త ముందుకు వంగితే హాయిగా ఉంటుంది. ఒకరికి మేలు చేసిన ఆసనం ఇంకొకరికి కీడు చేయడానికి కారణం ఈ తేడాయే.

పాత వైద్యులు ఏం చూశారు

ఆయుర్వేదంలో దీని పేరు గృధ్రసి. గృధ్రం అంటే రాబందు. రోగి నడక రాబందు నడకలా మారుతుందని ఆ పేరు. చరక సంహిత చికిత్సా స్థానంలో 28వ అధ్యాయం వాతవ్యాధుల గురించి. నొప్పి పిర్ర దగ్గర మొదలై నడుము, తొడ, మోకాలు, పిక్క, పాదం వరకు వరుసగా వ్యాపిస్తుందని, బిగుసుకుపోవడం, పొడిచినట్టు ఉండడం దాని లక్షణాలని అందులో ఉంది. వాతం ఒక్కటే చెడితే ఒక రకం, కఫం కూడా తోడైతే ఒళ్లు బరువు, మత్తు, అరుచి ఉండే రెండో రకం. సుశ్రుతుడైతే కాలు పైకెత్తలేకపోవడాన్ని ఈ రోగానికి గుర్తుగా చెప్పాడు. ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్లినా డాక్టరు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలెత్తి చూసేది కూడా అదే.

రోగాన్ని అంత నిశితంగా గమనించినవారి మాటను గౌరవించాలి. అయితే వారి కాలంలో డిస్క్ సంగతి తెలియదు. అది నరాన్ని నొక్కి ఈ నొప్పి తెస్తుందని అమెరికాలో మిక్స్టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు 1934లో ప్రచురించిన వ్యాసంతోనే లోకానికి గట్టిగా తెలిసింది. లక్షణం చూసే చూపు ఆయుర్వేదానిది, లోపల ఏముందో చూసే చూపు ఆధునిక వైద్యానిది. రోగికి రెండూ కావాలి.

ఏది ఎంత పనిచేస్తుంది

ముందుగా ధైర్యమిచ్చే మాట. సయాటికా వచ్చినవారిలో ఎక్కువమందికి ఆపరేషన్ లేకుండానే కొన్ని వారాల నుంచి మూడు నెలల లోపు బాగా తగ్గుతుంది. బయటికి వచ్చిన డిస్క్ గుజ్జును శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద ఒక పరిశోధన జరిగింది. త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారికి నొప్పి తొందరగా తగ్గింది. ఏడాది తిరిగేసరికి వారికీ, ఆగి చూసినవారికీ తేడా లేదు. అంటే ఇక్కడ పెద్ద వైద్యుడు కాలమే. ఆ కాలాన్ని తక్కువ బాధతో, కండ బలం పోకుండా గడిపించడమే మందుల పని, నూనెల పని, వ్యాయామం పని. ఇది మనసులో పెట్టుకుంటే ఏ వైద్యం నుంచి ఎంత ఆశించాలో తెలుస్తుంది.

కాపడం, నూనె. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం, మహానారాయణ తైలం, సహచరాది తైలంతో మర్దన, నడుము మీద పిండి కట్ట కట్టి గోరువెచ్చటి నూనె నింపే కటి బస్తి, ఇవన్నీ బిగిసిన కండరాన్ని సడలిస్తాయి. ఆ హాయి నిజమైనది. కానీ నూనె చర్మం దాటి డిస్క్ దాకా పోయి దాన్ని వెనక్కి నెట్టదు. షుగరు ఉండి పాదం తిమ్మిరెక్కినవారు వేడి కాపడంతో జాగ్రత్తగా ఉండాలి. కాలినా తెలియదు.

కషాయాలు, గుగ్గులు. రాస్నాసప్తక కషాయం, యోగరాజ గుగ్గులు, త్రయోదశాంగ గుగ్గులు, పారిజాతం ఆకు కషాయం గృధ్రసికి వైద్యులు ఇస్తూ వచ్చినవే. వీటి మీద జరిగిన పరీక్షలు చిన్నవి. గట్టి రుజువు ఇంకా రావాలి. మంచి వైద్యుడి దగ్గర, వేరే మందులేం వాడుతున్నారో చెప్పి తీసుకోవాలి. ఆముదాన్ని కూడా గృధ్రసిలో చెప్పారు. మలబద్ధకంతో ముక్కితే కాలి నొప్పి పెరుగుతుంది కాబట్టి కడుపు సాఫీగా ఉంచడంలో అర్థముంది. గర్భిణులు మాత్రం ఆముదం తాగకూడదు.

పసుపు. ఆర్మూర్ వారికి ఈ మాట చెప్పడం కష్టమే, అయినా చెప్పాలి. పసుపులో వాపు తగ్గించే గుణమున్న పదార్థం కర్క్యుమిన్. పసుపు బరువులో అది సుమారు మూడు నుంచి ఐదు శాతమే. తిన్నా రక్తంలోకి సరిగా చేరదు. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వారు 1998లో ప్రచురించిన పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్ ఒక్కటే ఇస్తే రక్తంలో దాదాపు కనిపించలేదు. మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే దాదాపు ఇరవై రెట్లు పెరిగింది. పాలల్లో మిరియాల పొడి కలిపే మన అలవాటులో తెలివి ఉందన్నమాట. కానీ ఆ 2 గ్రాముల కోసం 40 గ్రాములకు తగ్గకుండా పసుపు మింగాలి. చెంచాడు పసుపు వేసిన పాలు హాని చేయవు, నిద్ర పట్టిస్తాయేమో గానీ, నలిగిన నరాన్ని విడిపించవు. కర్క్యుమిన్ మాత్రలకు మోకాళ్ల అరుగుదలలో కొంత రుజువుంది. సయాటికాలో ఆ పాటి రుజువు లేదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, పిత్తాశయంలో రాళ్లున్నవారు డాక్టరును అడగకుండా ఆ మాత్రలు వేసుకోవద్దు.

మరో జాగ్రత్త. రంగు కోసం పసుపుకు లెడ్ క్రోమేట్ పూస్తున్నట్టు 2019లో బంగ్లాదేశ్‌లో జరిగిన పరిశోధన బయటపెట్టింది. సీసం నరాలకే విషం. నమ్మకమైన రైతు దగ్గర కొమ్ములు కొని గిర్నీలో పట్టించుకునే పాత పద్ధతే మేలు.

నడక, వ్యాయామం. అన్నిటిలో ఎక్కువ మేలు చేసేది, డబ్బు అడగనిది ఇదే. "మంచం దిగొద్దు" అనేది పాత సలహా. మంచం పట్టి ఉండడం వల్ల అదనపు లాభమేమీ లేదని 1999లో నెదర్లాండ్స్ పరిశోధన తేల్చింది. నొప్పి బాగా ఉన్న ఒకటి రెండు రోజులు పడుకుని, తర్వాత ఇంట్లో, వాకిట్లో కొద్దికొద్దిగా నడవాలి. డిస్క్ సమస్య ఉన్నవారిలో చాలామందికి బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ మెల్లగా లేపితే సుఖంగా ఉంటుంది. ఒక గుర్తు పెట్టుకోండి: వ్యాయామం చేశాక నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే మంచిది, నడుములో కాస్త పెరిగినా సరే. పాదం వైపు ఇంకా దిగుతుంటే ఆపేయాలి. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం వంటి ముందుకు వంగే ఆసనాలు వద్దు.

దూరంగా ఉండాల్సినవి

నడుము మీద తొక్కించుకోవడం, కాలు పట్టి గుంజించుకోవడం, వాతలు పెట్టించుకోవడం వద్దు. ఆయుర్వేద శాస్త్రంలో అగ్నికర్మ, అంటే కాల్చి చేసే చికిత్స, ఉంది నిజమే. అది శిక్షణ పొందిన వైద్యుడు శుభ్రంగా, చోటు చూసి చేసేది. చింపిన కాగితంలో కట్టిచ్చే, పేరు లేని నొప్పి పొడులు అసలే వద్దు. ఇలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపిన సంఘటనలు ఉన్నాయి. రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గించి, నెలల తరబడి వాడితే షుగరు పెంచి, ఎముకలు గుల్ల చేస్తాయి. ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్లో దాదాపు ఐదింట ఒక దానిలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి ఉందని 2008లో అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. అర్హత ఉన్న వైద్యుడు, తయారీ లైసెన్సు, తేదీ ఉన్న సీసా, ఈ మూడూ చూడండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో బి.ఆర్.కె.ఆర్. ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, అమీర్‌పేటలో ప్రభుత్వ ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి.

ఇంకో వైపు, స్కానింగ్ కాగితం చూసి కూడా బెదరొద్దు. ఏ నొప్పీ లేనివారికి ఎంఆర్ఐ తీసినా 20 ఏళ్ల వయసువారిలో నూటికి 30 మందికి, 80 ఏళ్లవారిలో 84 మందికి డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. కాగితం మీది ఉబ్బుకు కాదు, మనిషి బాధకు వైద్యం చేయాలి.

ఆగకూడని వేళ

మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలం మీద పట్టు తప్పినా, కూర్చునే చోట, తొడల మధ్య మొద్దుబారినా, రెండు కాళ్లూ బలహీనపడుతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. అక్కడ కషాయానికి చోటు లేదు. గంటల్లో ఆపరేషన్ అవసరం కావచ్చు. నడుస్తుంటే పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా, ఆర్మూర్ సిద్ధుల గుట్ట మెట్ల మీద బొటనవేలు తట్టుకుంటున్నా నరం బలం తగ్గుతోందని అర్థం, ఆలస్యం చేయొద్దు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఇంతకుముందు క్యాన్సర్ ఉండడం, కింద పడ్డాక మొదలవడం, వీటిలో ఏదున్నా ముందు డాక్టరును కలవాలి. ఇవేవీ లేకపోయినా ఆరు వారాల్లో తగ్గుముఖం పట్టకపోతే పరీక్ష చేయించుకోవాలి.

పసుపు రైతులకు, కూలీలకు, బీడీలు చేసే అక్కచెల్లెళ్లకు ఒక మనవి. బస్తాను ఇద్దరు కలిసి ఎత్తండి, మోకాళ్లు వంచి, ఒంటికి ఆనించి ఎత్తండి. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి, చాట కింద పీటో దిండో పెట్టి ఎత్తు పెంచుకోండి. నొప్పి కాలిలోకి దిగిన రోజున "పసుపు అమ్మినంక చూసుకుందాం" అనుకోవద్దు. పాదం లేస్తోందా, మూత్రం సరిగా వస్తోందా అని ఆ రోజే చూసుకోండి. రెండూ బాగుంటే ధైర్యంగా నడుస్తూ, కాపడం పెట్టుకుంటూ, వైద్యుడు చెప్పిన మందు వాడుతూ ఉండండి. పాదం లేవకపోయినా, మూత్రం సరిగా రాకపోయినా ఆ రోజే ఆసుపత్రికి బయలుదేరండి.